తాండూరు కాంటా కంప్యూటర్

మా ఆఫీసు వికారాబాదులో, కందులు కొనే గోదాము తాండూరులో. రెండు చోట్లా ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఒక్కచోట కూర్చుని నియమాలు పెట్టడం నా ఉద్యోగం. ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టవచ్చు, ఎవరి తెర ఎన్ని నిమిషాలకు మూసుకోవాలి, అన్నీ నా చేతిలోనే. నాకు ముందున్నాయన తాండూరులో బస్తాలు తూచే కాంటా కంప్యూటర్‌ను మాత్రం విడిగా ఒక గుంపులో ఉంచి వెళ్ళాడు. అందులో ఉన్నది పదిహేనేళ్ళ కిందటి సాఫ్ట్‌వేర్. ఎందుకు విడిగా పెట్టాడో రాసిపెట్టలేదు, నేనూ అడగలేదు. నాకు సర్దే పిచ్చి ఎక్కువ. ఒకరోజు పొద్దున్నే దాన్నీ కొత్తవాటితో కలిపేసి, పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా అన్నిటికీ ఒకే నియమం పెట్టాను. కొత్తవి పెన్‌డ్రైవ్‌లనే ఆపాయి. పాతది కాంటా నుంచి వచ్చే తీగను కూడా ఆపేసింది.

కాసేపటికి తాండూరు గుమాస్తా ఫోన్ చేశాడు. మా నాన్న వయసు మనిషి.

"సార్, కాంటా తూకం తెర మీదికి వస్తలేదు. చీటీ రాకుంటె బస్తాలు లోపటికి తీసుకోరాదు. కొనుడు ఇయ్యాలనే ఆఖరు, మబ్బు గూడ పట్టింది."

వెంటనే నియమం వెనక్కి తీశాను. కానీ అది ఆ పాతదానికి చేరాలంటే కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. ఆపమన్నాను.

"ఆపితె లేవది సార్. ఏడాదికొక్కపారి దసరాకు ఆపి, తుడిచి బొట్టు వెడ్తం. గప్పుడు గూడ మెకానిక్ పక్కన ఉండాలె."

తప్పు బయటపడకముందే సర్దేయాలని నా ఆత్రం. "కంప్యూటర్ సంగతి నువ్వు నాకు నేర్పుతవా? చెప్పింది చెయ్యి!" అని అరిచాను. అంతవరకూ ఆయన్ని మీరు అనేవాణ్ణి.

ఆయన ఆపాడు. అది లేవలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

కొత్త కంప్యూటర్ ఒకటి ఒళ్ళో పెట్టుకుని జీపులో బయల్దేరాను. ధారూరు దాటకముందే వాన. కందులు తడవకూడదని దారంతా మొక్కుతూనే ఉన్నాను.

నేను వెళ్ళి అంతా బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. వరసలో మొదట ఉన్నది బషీరాబాద్ నుంచి ట్రాలీ ఆటోలో వచ్చిన రైతమ్మ. కప్పిన పట్టా చాలక ఆమె బస్తాలు సగం తడిశాయి. తేమ చూశారు. ఎక్కువుంది, తీసుకోవడం కుదరదన్నారు. ఎండబెట్టి తెద్దామంటే రేపు కొనుగోలే లేదు.

ఆమె గుమాస్తా మీదికి వచ్చింది. "పొద్దుగాల్లనే అయిపోతుండె నా తూకం. ఎవడు ఆపిండు గా మిషిని?"

ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే ఆపిన చెల్లె. తప్పయింది."

నోటికొచ్చినట్టు తిట్టింది. తల వంచుకుని విన్నాడు. పక్కనే కుర్చీలో నేను. ఆపమన్నది నేనమ్మా అనాలి. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమె బస్తాలు మళ్ళీ ఆటోకెత్తుతుంటే ఆయన వానలోకి వెళ్ళి ఒక చెయ్యి వేశాడు. నేను తెర వైపు తిరిగి, తర్వాతి రైతును పిలిచాను.