సింహం అరవని ఆదివారం

మా ఊళ్ళో సింహమంటే మా నాయనే.

పెద్దకడుబూరు అవతల చిన్న ఊరు మాది. వాన పడితే పండుతుంది, లేకపోతే లేదు. ఆ ఊరి బడిలో నాయన పంతులు. వేరుశనక్కాయలు ఇళ్ళకు చేరాక ఏడాదికొకసారి ఊరంతా కలిసి నరసింహస్వామి నాటకం ఆడేవాళ్ళు. స్వామి వేషం నాయనది. తూరుపు తెల్లబడే వేళకు కాగితపు స్తంభాన్ని చించుకుని, కొయ్యతో చేసిన సింహం తల పెట్టుకుని దూకేవాడు. ఆ అరుపుకు ఒకసారి బర్రెగొడ్డు పలుపు తెంపుకుని పారిపోయింది. ఎమ్మిగనూరు నుంచి బండ్లు కట్టుకొచ్చే నేతగాళ్ళలో ఒకాయన ప్రతి ఏడూ నాయనకు ఎర్రంచు పంచె తెచ్చి ఇచ్చేవాడు. బడిలో మాత్రం నాయన బెత్తం పట్టుకోవడం కూడా చేతకాని మనిషి.

ఆ వేషానికి ఒక నియమం ఉండేది. ముందురోజు పొద్దున నుంచి ఉపవాసం, మౌనం. మాట్లాడని మాటలన్నీ గొంతులో కూడుకుని, తెల్లారి అరుపై బయటికొస్తాయని ఊరివాళ్ళ నమ్మకం. వేషగాడు పొరపాటున నోరు తెరవకుండా కాపలా కాయడం ఆ ఇంటి పిల్లల పని. మా ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. ఐదేళ్ళ వయసు నుంచీ నాయనకు కాపలా నాదే. ఆయన నోరు తెరిస్తే చాలు, అరచేత్తో టక్కున మూసేసేదాన్ని. నన్ను ఉడికించడానికి ఊరికే ఆవులించేవాడు.

ఆట అయ్యాక ఇద్దరు మనుషులు ఆయన్ని నడుముకు కట్టిన తాడుతో పట్టుకుని ఆపి, కొయ్య తల తీసేవాళ్ళు. అప్పుడు ఇత్తడి గ్లాసుతో బెల్లం పానకం అందించాల్సింది నేనే. గటగటా తాగేసి, మౌనం విడిచిన నోటితో మొదటి మాట నాతోనే మాట్లాడేవాడు.

"ఏం పాపా, భయమయిందా?"

"లే" అనేదాన్ని. పచ్చి అబద్ధం. ఆ అరుపు వినపడినప్పుడల్లా అమ్మ కొంగులో దూరిపోయేదాన్ని. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఎనభైల మొదట్లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నాయన గొంతు బొంగురుపోయింది. సుద్దముక్కల దుమ్మన్నారు. చన్నీళ్ళు పడలేదన్నారు. ఆ ఏడు ఆటలో అరుపు సగంలో చీలిపోయింది. జనం నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు, అందరూ తలలు దించుకున్నారు. నాయన వారం రోజులు బయటి అరుగు మీద కూర్చోలేదు. చివరికి ఆదోనిలో డాక్టరు దీపం పెట్టి గొంతులోకి చాలాసేపు చూసి, బెంగళూరుకు చీటీ రాసిచ్చాడు.

అమ్మ భయపడలేదు. నాయన గొంతు సంగతి తనకు తెలిసినట్టు ఏ డాక్టరుకూ తెలియదని ఆమె ధీమా.

"అరిగిపోయింది, అంతే. నాటకానికి ముందు ఉన్నట్ల మాట్లాడకుండా ఉంటే మళ్ళ కూడుకుంటాది. ఆపరేసనో ఏందో, అది అయ్యేవరకూ ఒక్క మాట మాట్లాడగూడదు" అంది. ఆదోని స్టేషన్లో బండి ఎక్కగానే నాయనకు మౌనం మొదలు. బడి మాన్పించి నన్ను వెంట తీసుకుపోయింది కాపలాకే. గుంతకల్లులో బండి మారేటప్పుడు ఆయన కూలీని పిలవబోతే, ఆయన నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. అమ్మ నన్ను మెచ్చుకుంది.

బెంగళూరులో అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, మిల్లులో పనిచేసేవాడు. ఆస్పత్రిలో డాక్టరు నాయన్నీ మామనూ లోపలికి పిలిచి మాట్లాడాడు. అమ్మా నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల ఏం చెప్పాడో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. గొంతులో పుండు ముదిరింది. మాట పుట్టే చోటునే కోసి తీసేయాలి. మనిషి బతుకుతాడు, మాట మాత్రం ఇక రాదు. ఆపరేషను సోమవారం.

ఆ రోజు గురువారం. నాయన గొంతుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు, మామకు తెలుసు. అమ్మకు చెబితే ఒప్పుకోదని, చెయ్యి పట్టుకుని తిరుగు బండి ఎక్కిస్తుందని, చెప్పొద్దని మామ దగ్గర నాయన ఆ గదిలోనే మాట తీసుకున్నాడు. తెలియని మేమిద్దరమేమో రెప్పవాల్చకుండా కూర్చుని, ఆ నాలుగు రోజులూ ఆయన నోరు పెగలకుండా కాశాం.

"బావా, ఏమన్నా తినాలనుందా? యాడికన్నా పోదామా?" అని మామ అడిగాడు. నాయన సైగ చేసి నా పలక తీసుకుని ఒక్క మాట రాశాడు: సింహం.

ఇన్నేళ్ళూ సింహంలా అరిచాడు కానీ, నాయన సింహాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయనకు అరుపు నేర్పిన ముసలాయనా చూడలేదు. ఆ ముసలాయనకు నేర్పినవాళ్ళూ చూసి ఉండరు. మా ఊరి సింహం అరుపు మనిషి నుంచి మనిషికి వచ్చిందే. అసలుది ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. బెంగళూరు బయట అడవిలో సింహాలను వదిలిపెట్టి, మనుషుల్నే ఇనుప వలల బండిలో కూర్చోబెట్టి వాటి మధ్యకు తీసుకుపోతారని మామ చెప్పాడు. ఆదివారం బయలుదేరాం.

అమ్మ తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచుకున్న పట్టుచీర కట్టింది. టెంకాయ, కర్పూరం తువ్వాల్లో మూట కట్టింది. నాయన ఎర్రంచు పంచె కట్టుకున్నాడు. బండి ఎక్కబోతుంటే అమ్మ మమ్మల్ని ఆపి, "చెప్పులు ఈడనే ఇడ్సండి" అంది. స్వామి ముఖాన్ని చూడబోతూ చెప్పులతో ఎలా పోతామని ఆమె లెక్క. మేం విప్పాం. మా వెనక ఉన్న మరో కుటుంబంవాళ్ళు కూడా, ఇక్కడ పద్ధతి ఇదేనేమో అనుకుని, తమ చెప్పులు విప్పి మా వాటి పక్కన పెట్టారు. డ్రైవరు విరగబడి నవ్వి, "ఇదేను దేవస్థానవా అమ్మా?" అని కన్నడంలో అడిగాడు. అమ్మ గంభీరంగా తల ఊపింది.

ఒక గేటు దాటాక అది మూసి, రెండో గేటు తీశారు. ఎర్రమట్టి దారి. ముందుగా కనబడింది ఆడసింహం. "దీనికి జూలేదిరా?" అని అమ్మ మామను నిలదీసింది, ఆయనే ఎక్కడో దాచిపెట్టినట్టు. ఆడదని తెలిశాక చేతులు జోడించింది. ఇంకొంచెం ముందుకు పోయాక మగసింహం. చెట్టు నీడలో పడుకుని ఉంది. కళ్ళ చుట్టూ ఈగలు, తుంటి ఎముకలు పైకి తేలి ఉన్నాయి. మా కొయ్య తలకున్నట్టు మీసాలు మెలితిరిగి లేవు, ఎర్రటి నాలుక బయటికి వేలాడడం లేదు, గుడ్లు ఉరమడం లేదు.

"దీనికంటే మన సామే బాగున్నాడు" అన్నాను. బండిలో అందరూ నవ్వారు.

నాయన నవ్వలేదు. ఇనుప వలను రెండు చేతులా పట్టుకుని, చెవి దానికి ఆనించి కూర్చున్నాడు. మామ డ్రైవరును బతిమాలాడు, ఒక్కసారి అరిపించమని. డ్రైవరు ఇంజను ఆపి, తలుపు మీద చరిచాడు, హారను కొట్టాడు. సింహం పెద్దగా ఆవులించింది, అంతే. తర్వాత లేచి నెమ్మదిగా మా కిటికీ దగ్గరికి వచ్చి, తల ఎత్తి నాయన వైపు చూసింది. ముక్కులోంచి దాని ఊపిరి నాకు వినిపించింది. ఇప్పుడు అరుస్తుందని అందరం కాచుకుని కూర్చున్నాం. అది పక్కకు తిరిగి పోయి, మళ్ళీ పడుకుంది.

నాయన నా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"పాపా... నేను..." అన్నాడు, బొంగురుగా.

టక్కున ఆయన నోరు మూసేశాను.

ముందు సీట్లోంచి అమ్మ వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, మాట్లాడగూడదని చెప్తి కదా! రేపొద్దునకు అయిపోతాది. ఈ ఒగ దినం ఓర్సుకో."

"మాట్లాడనీ అక్కా" అని మామ సగం లేచాడు.

"నీకేం తెల్సురా? కూసో."

నాయన మామ వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నా అరచేతి కింద ఆయన పెదవులు కొంచెంసేపు కదిలాయి. మాసిన గడ్డం నా వేళ్ళకు గుచ్చుకుంది. తర్వాత కదలడం ఆగిపోయింది. నా చెయ్యి మెల్లగా తీసి, రెండు చేతుల మధ్య పెట్టుకుని, గేటు వచ్చేదాకా ఒడిలోనే ఉంచుకున్నాడు. నా పని నేను బాగా చేశానని నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దిగాక మా చెప్పులు వరుసగా అక్కడే ఉన్నాయి. అమ్మ గేటు పక్కన టెంకాయ కొట్టింది.

పెద్దయ్యాక మామతో పోట్లాడాను. "నాకన్నా చెప్పగూడదా మామా?" అని.

"బావ నా చేతులు పట్టుకున్నాడు పాపా. గొంతు ఎట్లా పోయేదే కదా, ఆ నాలుగు దినాలన్నా మీ యమ్మను నిమ్మళంగా ఉండనీ అన్నాడు" అన్నాడు మామ. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బండిలో ఏం చెప్పబోయావని నాయనకు పలక ఇచ్చి ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ "గుర్తు లేదు" అని రాసి తుడిచేసేవాడు. అబద్ధాలాడడంలో ఆయన నాకేం తీసిపోడు.

ఆపరేషనయ్యాక మూడో రోజు మమ్మల్ని చూడనిచ్చారు. మౌనం విడిచే రోజు కదా అని అమ్మ మామ ఇంట్లో పానకం కలిపింది. బెల్లం, మిరియాలు, యాలకులు, అన్నీ లెక్క ప్రకారమే. ఇత్తడి గ్లాసు ఊరి నుంచే తెచ్చింది. దాన్ని నా చేతికిచ్చి ముందు నడిపించింది. నాయన మెడకు తెల్లటి కట్టు. ముక్కులో గొట్టం. నేను గ్లాసు అందించబోతే నర్సు నా చేతిలోంచి తీసుకుని కిటికీలో పెట్టేసింది.

"ఇంగ మాట్లాడొచ్చు. ఏదన్నా ఒగ మాట పలుకు" అంది అమ్మ, నవ్వుతూ, మంచం మీదికి వంగి.

మామ ఆమె భుజం పట్టుకుని అప్పుడు చెప్పాడు. అమ్మ నిలబడిన చోటే నేల మీద కూర్చుండిపోయింది. ఎందుకు కూర్చుందో నాకు వెంటనే తలకెక్కలేదు. నాయన వైపు చూశాను.

ఆయన నన్నే చూస్తున్నాడు. పెదవులు కదిపాడు. శబ్దం లేదు, గాలి కూడా నోట్లోంచి రాలేదు. కానీ ఐదేళ్ళ వయసు నుంచీ వింటున్న మాట. వినపడకపోయినా తెలిసింది.

ఏం పాపా, భయమయిందా?

"అయింది నాయనా" అన్నాను.