ఆరున్నొక్కటి

వీరభద్రం గారు తెలుగులో లెక్కపెడితే అందులో ఏడు ఉండదు. ముప్ఫై ఏళ్లు టొరంటోలో మట్టి పరీక్షల ల్యాబ్‌లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషికి లెక్కలు రావా అంటే, వచ్చు. వాళ్ల నాన్న తణుకు పక్కన కళ్లాల్లో ధాన్యం కొలిచేవాడు. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తరువాత ఏడు అనరు. గింజ ఇంటికొచ్చే వేళ ఏడు అంటే ఎవరినో ఏడవమన్నట్టే కదా. అందుకని ఆరున్నొక్కటి అనేసి ఎనిమిదికి పోతారు. పదేళ్ల వయసులో కళ్లంలో చెవిన పడ్డ ఆ వరస డెబ్బైమూడేళ్లొచ్చినా ఆయన నాలుక మీదే ఉంది. కొలత అనేది ఏదైనా సరే ఆయనకు లాభంతోనే మొదలవుతుంది.

ఇప్పుడాయన కొలిచేది నీళ్లు. ఏజాక్స్‌లో వాళ్ల ఇంటి నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఒక పాత రిజర్వాయర్ వస్తుంది. ఎప్పుడో నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, అడవితో సహా ముంచేశారు. అందులో బ్రౌన్ ట్రౌట్ ఉంటాయి. ఒంటి నిండా చుక్కలు, ఒళ్లంతా అనుమానం. పడవలో గరిటె చప్పుడైనా ఆ పూటకి అయిపోయినట్టేనని భార్య చాముండేశ్వరికి ఆయన ఎన్నోసార్లు చెప్పారు. ఆవిడ పులిహోర డబ్బా మూత తీయడానికి కూడా ఆయన్ని అడగాల్సి వచ్చేది. ఏం మనిషండీ బాబూ అని విసుక్కునేది కానీ, వెళ్లడం మాత్రం మానలేదు.

ఆయన పద్ధతి ఆయనది. జూలై వచ్చేసరికి నీళ్లు పైన గోరువెచ్చగా, అడుగున మంచులా ఉంటాయి. ఆ రెండూ కలిసే చోటే చేప మకాం. ముందు తాడుకు కట్టిన థర్మామీటర్ దింపి ఆ చోటు పట్టుకుంటారు. మధ్య వేసవిలో అది నలభై అడుగులు. అప్పుడు గాలానికి చెంచా ఆకారపు రేకు కట్టి వదులుతారు. దాని పేరు కూడా స్పూనే. అంకెకొక అడుగు చొప్పున అది దిగుతుంది. లాభం, రెండు, మూడు అంటూ పది కాగానే ఒక వేలు మడుస్తారు. నాలుగు వేళ్లు మడిచాక ఆపి, నెమ్మదిగా, ఆగి ఆగి చుట్టుకుంటూ వస్తారు. పది తక్కువైతే చేప పైకి రాదు. పది ఎక్కువైతే మునిగిన చెట్ల మోళ్లకి గాలం తగులుకుని తెగిపోతుంది. లెక్కే వల అంటారాయన.

కిందటి చలికాలం ఆయన రెండుసార్లు హైవే మీద ఎగ్జిట్ దాటేశారు. ఒకసారి పాలు స్టవ్ మీద పెట్టి మంచు తీయడానికి బయటికెళ్లారు. వాంకూవర్‌లో ఉన్న కూతురు మృదుల ఫోన్లోనే హడావిడి చేసి మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంది. మాతృభాషలో పరీక్ష కావాలా అన్న చోట టిక్ పెట్టిందీ ఆ పిల్లే. మంచికే పెట్టింది పాపం.

చాముండేశ్వరిని బయట కూర్చోబెట్టారు. లోపల ఫోన్ లైన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్, గొంతుని బట్టి ఎవరో చిన్నపిల్ల. వీరభద్రం గారు తేదీ ఒక రోజు తేడాగా చెప్పారు. అయిదు మాటలు గుర్తుపెట్టుకోమంటే మూడే చెప్పారు. ఆ తరువాత ఇరవై దాకా లెక్కపెట్టమన్నారు. ఈయన ఎప్పట్లాగే లాభం అని మొదలుపెట్టి, పది కాగానే వేలు మడిచి మళ్లీ లాభం అన్నారు. ఆ పిల్ల నిజాయితీగా తర్జుమా చేసింది: ఒకటికి బదులు ఏదో ప్రాఫిట్ అంటున్నారు, ఏడు చెప్పలేకపోతున్నారు, పది దాటి వెళ్లలేకపోతున్నారు. మార్కులు గీత కిందికి జారాయి. మళ్లీ చూసేదాకా కారు నడపకూడదన్నారు.

వారంపాటు ఆయన గరాజ్‌లో పడవ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరి మీదా కోపం లేదు. చాముండేశ్వరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. కారు ఆవిడకీ వచ్చు. కానీ ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లడమంటే ఆ కాగితంలో రాసింది ఒప్పుకున్నట్టే. ఆమె భయమంతా అక్కడే ఉంది. ఆయన సరిగ్గానే ఉన్నారని ఎవరైనా రాసివ్వాలి. రాసిస్తే తను కూడా నమ్ముతుంది.

"అమ్మా, ఇట్స్ నాట్ జస్ట్ ద కౌంటింగ్" అంది మృదుల ఫోన్లో.

"నీకు తెలీదులేవే. వాళ్లకి మన లెక్క తెలీక వచ్చిన తంటా ఇది."

చాముండేశ్వరే పట్టుబట్టి రెండో అపాయింట్‌మెంట్ తీసుకుంది. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని కళ్లం, కుంచం, లాభం, ఏడుపు అన్నీ తనకొచ్చిన ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. ఆ డాక్టరు ఓపికగా విని, నవ్వి, అన్నీ రాసుకుంది. ఊపు మీదున్న చాముండేశ్వరి ఇంకో మాట కూడా అనేసింది. "నలభై ఆరేళ్లుగా వింటున్నా డాక్టర్. ఈయన నోట ఆ అంకె రాదు. వచ్చిన రోజున మీరు పిలవక్కర్లేదు, నేనే తీసుకొస్తా."

లెక్క మార్కులు కలిపితే గీత పైకి ఒక్క మార్కు వచ్చింది. కారు నడపొచ్చు, ఆర్నెల్లకు మళ్లీ రావాలి. ఆయనకు గుర్తురాని ఆ రెండు మాటల సంగతి చాముండేశ్వరి ఎత్తలేదు. డాక్టరు ఎత్తబోతే వినిపించుకోలేదు. ఇంటికొచ్చి పాయసం చేసింది.

ఆ శనివారమే బయల్దేరారు. ఆయనే డ్రైవ్ చేశారు, ఎగ్జిట్ దాటలేదు. తెల్లవారేసరికి పడవ నీళ్లలో ఉంది. ఆయన థర్మామీటర్ దింపి చూసి, ఆనకట్ట వైపు పడవ జరిపి, స్పూన్ వదిలారు. చాముండేశ్వరి దుప్పటి కప్పుకుని వెనక బల్ల మీద కూర్చుంది. ఇన్ని రోజుల తరువాత ఆ లెక్క వింటుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది, తొమ్మిది, పది." మొదటి వేలు మడిచారు. రెండో వేలు. మూడో పది మొదలైంది.

"ఒకటి" అన్నారు.

చాముండేశ్వరి తల ఎత్తింది. తను సరిగా వినలేదేమో.

"రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది."

గొంతు తడబడలేదు. ముఖంలో ఏ మార్పూ లేదు. మూడో వేలు మడిచి నాలుగో పదికి పోయారు. అది మళ్లీ లాభంతోనే మొదలైంది. నలభై దగ్గర ఆపి నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టారు. పది చుట్లు తిరగకముందే గాలం కర్ర వంగింది. ఆయన కంగారుపడలేదు. లాగినప్పుడు వదిలి, ఆగినప్పుడు చుట్టుకుంటూ పావుగంట ఆడించి, వలసంచిలోకి తీశారు. మోచేయంత పొడవు, ముదురు పసుపు పొట్ట, నల్లటి చుక్కలు. ఇంత పెద్దది ఆయనకు ఈ నీళ్లలో ఎప్పుడూ పడలేదు.

"చూశావా" అన్నారు, చిన్నపిల్లాడిలా ముఖం పెట్టి. "లెక్క తప్పలేదు. ఆ డాక్టరమ్మకి ఫోటో పంపాలి. పులుసు వద్దే, విరిగిపోతుంది, వేపుడు చెయ్యి."

ఆమె చేపను చూడటం లేదు.

"అదేంటే, ఏడుస్తున్నావా? ఎందుకూ?"

"మీరే అన్నారుగా."

"నేనేమన్నాను?"

"ఏడు అన్నారు. మూడో పదిలో."

ఆయన నవ్వారు. నిజంగానే నవ్వొచ్చింది. "నేనా? నేనెందుకంటానే ఆ మాట?" అని, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఆమె ముఖం కేసి చూశారు. చూస్తూ చూస్తూ నవ్వడం ఆపారు. మడిచిన వేళ్లు విప్పి, మళ్లీ ఒక్కొక్కటే మడిచి చూసుకున్నారు. పడవ అడుగున చేప రెండుసార్లు కొట్టుకుని ఊరుకుంది.

ఒడ్డుకు వచ్చి పడవను ట్రెయిలర్‌కు కట్టాక, చాముండేశ్వరి చెయ్యి చాపింది. ఆయన అడగలేదు. జేబులోంచి కారు తాళాలు తీసి ఆ చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు.