నడిచిన లారీలు

ఆ కర్నల్‌ని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం ఇప్పటికీ లేదు.

మా మలయ్ దేశంలో సుంగై పెటాని ఊరు దాటాక, ఒకప్పటి రబ్బరు తోటల మధ్య మా క్యాంపు ఉండేది. నేను అక్కడి రవాణా దళానికి మేజర్‌ని. మా తాత తోటలో గుమాస్తా, నాన్న బడిపంతులు. మా ఇంట్లో తుపాకీ ముట్టుకున్నది నేనొక్కణ్ణే. మాది చిన్న సైన్యం, శాంతికాలపు సైన్యం. వరదలొస్తే జనాన్ని గట్టుకి చేర్చడం, పండగలకి కవాతు చేయడం, మిగతా రోజుల్లో రాని యుద్ధానికి సిద్ధంగా ఉండటం. ఊరికే సిద్ధంగా ఉండటానికి కూడా ఖర్చవుతుందని పైవాళ్ళకి పట్టేది కాదు.

సైన్యం ఖర్చుల్లో కోతలు మొదలయ్యాక ముందు డీజిల్ తగ్గింది, ఆ తర్వాత టైర్లు. ఉత్తుత్తి తూటాలు కూడా ఆపేశారు. మా జవాన్లు పొదల్లో బోర్లా పడుకుని నోటితోనే "ఠా ఠా" అనేవాళ్ళు. ఒక లారీ ఆగిపోతే దాన్ని ఊడదీసి ఇంకోదానికి వేసేవాళ్ళం.

కాన్వాయ్ శిక్షణకి డీజిల్ లేదని చెప్పినప్పుడు కర్నల్ ఒక ఉపాయం చెప్పాడు. మా విడిభాగాలూ ఇంధనమూ అన్నీ ఆయన చేతి మీదుగానే రావాలి.

"లారీలెందుకు? మనుషుల్నే నడిపించండి," అన్నాడు.

అప్పట్నుంచి మా డ్రైవర్లే లారీలయ్యారు. చేతుల్లో లేని స్టీరింగు తిప్పుతూ, మలుపు దగ్గర చెయ్యి చాపుతూ, నోటితో హారన్ కొడుతూ మైదానం చుట్టూ వరసగా నడిచేవాళ్ళు. పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు! ఫ్యాక్టరీ పనికి మోటారు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి మరీ నవ్వేవాళ్ళు. మావాళ్ళు తల దించుకుని నడిచేవాళ్ళు.

మా దళంలో నేను కాక తెలుగువాడు ఒక్కడే, ఒక కార్పొరల్. డ్రైవరు. వాళ్ళ ముత్తాత విజయనగరం వైపు నుంచి తోటకూలీగా వచ్చాడట. నలుగురిలో ఉంటే నన్ను అందరిలాగే 'తువాన్', అంటే దొరగారు, అనేవాడు, ఇద్దరమే ఉంటే 'అన్నా' అనేవాడు. మాట చివర మలయ్ 'లా' తగిలించకపోతే అతనికి మాట పూర్తయినట్టు ఉండేది కాదు.

"అన్నా, ఆ లారీ బ్రేకు తొక్కితే కాలు కిందకంటా దిగిపోతన్నాది, లా. ఒకనాడు ఎవుడో సస్తాడు," అన్నాడు ఒక రోజు.

నేను కర్నల్ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఆయన మెత్తగా నవ్వేవాడు.

"ఇప్పుడు యుద్ధమేమీ లేదుగా, మేజర్? రాతకోతలు పెట్టుకోకండి. మీరు చెప్పారు, నేను విన్నాను. చాలదా?"

వానాకాలంలో బాలింగ్ వైపు వరదలొచ్చాయి. బియ్యమూ దుప్పట్లూ పంపాలి. ఆ లారీ కదిలే స్థితిలో లేదని ఫోన్లో చెప్పాను. "పంపండి. ఇది ఆజ్ఞ," అని పెట్టేశాడు.

దిగుడులో బ్రేకు పడలేదు. ఎదురుగా బడిపిల్లల వ్యాను. మా కార్పొరల్ లారీని రబ్బరు చెట్లలోకి తిప్పేశాడు. పిల్లలకి గీత కూడా పడలేదు. అతని కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది.

విచారణలో కర్నల్ నా వైపు చూడకుండానే చెప్పాడు. "బ్రేకుల గురించి నాకెవరూ చెప్పలేదు. డ్రైవరు వేగంగా నడిపి ఉంటాడు." నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. కర్నల్ మాట ముందు మేజర్ మాట ఎంత? నిర్లక్ష్యమని తేల్చి కార్పొరల్‌ని ఇంటికి పంపేశారు.

ఆసుపత్రి వరండాలో అతని భార్య నన్ను ఆపింది.

"మా ఇంటాయన తప్పేనని రాసినారంట. నిజవేటి అన్నా?"

"కాదమ్మా."

"మరి తప్పు సేసినోడు ఏడీ?"

ఆ ప్రశ్న నాలో ముల్లులా దిగబడిపోయింది. ఆ రోజు నుంచి నేను కర్నల్‌కి మహా విధేయుణ్ణయ్యాను. ఏం చెప్పినా "సరే తువాన్" అన్నాను. వేటకి కూర్చున్నవాడు దగ్గు కూడా ఆపుకుంటాడు కదా, అలా కూర్చున్నాను.

కొత్తగా వచ్చిన జనరల్ క్యాంపులన్నీ చూస్తున్నాడని తెలిసింది. కర్నల్ హుషారుగా ఫోన్ చేశాడు. "పూర్తి కాన్వాయ్ చూపించాలి, మేజర్. కోతలున్నా మనకి లోటు లేదని ఆయన చూడాలి. పక్క క్యాంపు లారీలు తెప్పించుకోండి."

"సరే తువాన్," అన్నాను. తెప్పించలేదు.

ఆ ఉదయం షామియానా కింద జనరల్, పక్కనే కర్నల్ కూర్చున్నారు. నేను సైగ చేశాను. గేటు వైపు నుంచి మా డ్రైవర్లు వరసగా నడుచుకుంటూ వచ్చారు. చేతులు స్టీరింగు తిప్పుతున్నాయి. మలుపు దగ్గర హారన్లు మోగాయి. ఈసారి ఒక్కడూ తల దించలేదు. జనరల్ వెనకున్న అధికారులు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నారు.

"ఇదేమిటి?" అన్నాడు జనరల్.

"కాన్వాయ్ శిక్షణ, తువాన్. కర్నల్ గారి ఆదేశం మీద చాలా కాలంగా ఇలాగే చేస్తున్నాం."

"లారీలేవీ?"

"షెడ్డులో ఉన్నాయి. ఒకటి బ్రేకుల్లేక చెట్లలోకి పోయింది. దాన్ని నడిపినవాడు అడుగో."

కార్పొరల్‌ని నేనే పిలిపించి అతిథుల వెనక వరసలో కూర్చోబెట్టాను. లేచి నిలబడ్డాడు. చొక్కా కుడిచెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

కర్నల్ గొంతు సవరించుకున్నాడు. "మేజర్ కొంచెం పెంచి చెబుతున్నారు—"

జనరల్ ఆయన్ని పట్టించుకోకుండా మైదానంలోకి నడిచి వెళ్ళి డ్రైవర్లనే అడిగాడు. "బ్రేకుల సంగతి కర్నల్‌కి తెలుసా?"

"తెలుసు, తువాన్!" ఒకటే గొంతుతో అరిచారు. అది నేను నేర్పింది కాదు.

కర్నల్ మొహంలో రక్తం దిగిపోవడం నేను దగ్గర నుంచి చూశాను. బెల్టు సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. ఆకలి మీదున్నవాడు అన్నం తిన్నట్టు చూశాను.

విచారణ తిరగదోడారు. కార్పొరల్ మీద మచ్చ తుడిచేసి, విధుల్లో గాయపడ్డవాడిగా గుర్తించి పింఛను ఇచ్చారు. కర్నల్‌ని పనిలేని ఒక మూల కుర్చీకి పంపితే అక్కడే రిటైరయ్యాడు. నన్నూ ఎవరూ పైకి ఎక్కించలేదు. పైవాడి పరువు నలుగురిలో తీసినవాణ్ణి ఏ సైన్యమూ దగ్గరకి తీయదు. ఆ బేరం నాకు సమ్మతమే.

కార్పొరల్ ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటాడు.

"అన్నా, ఆరోజు నానెనకాలున్నాను కదా, ఆడి మొకం సరిగ్గా అగుపళ్ళేదు. ఎలగున్నాదో సెప్పు."

చెబుతాను. పగలబడి నవ్వుతాడు. "మళ్ళీ సెప్పు, లా!"

"సాల్లెండి, పాపం ముసలోడు," అంటుంది భార్య.

"నీకేటే పాపం? పోయిన సెయ్యి నీది కాదు."

ఈమధ్య ఇక్కడి జార్జ్ టౌన్‌లో ఒక టీకొట్టులో కూర్చుని ఉంటే కర్నల్ చేతికర్రతో లోపలికొచ్చాడు. నన్ను గుర్తుపట్టి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చేతికర్ర బల్లకి ఆనించి, "ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం. ఇంకా కోపముందా?" అన్నాడు.

"ఉంది," అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని ఎదురు చూశాడు. నేను కొట్టువాణ్ణి పిలిచి, నా ఒక్కడికే ఇంకో టీ చెప్పాను.