బెదురుబొమ్మకు తొడిగిన ఎర్రంగి

“గా ఎర్రంగి తెచ్చినవా?”

“రేపు తెస్త తియ్.”

ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్నవి ఈ రెండు ముక్కలే. ముందుది ఆయనది, వెనకది నాది. ముప్పై ఏండ్లు కాపురం చేసినవాళ్లకు ఇంతకన్నా మంచి మాట దొరకలేదా అంటే, చావు చెప్పి వస్తే మనమూ మాటలు ఏరుకొని మాట్లాడుకుంటాం. అది చెప్పి రాదు. ఆయన చెప్పులేసుకొని చిన్నకోడూరు రోడ్డు మీద పంచరు దుకాణం దిక్కు నడిచిపోయాడు. నేను బియ్యం చెరుగుతున్నాను. తల కూడా ఎత్తలేదు.

అది జరిగి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరీకం పెట్టుకున్నాం. ఇప్పుడు కూర్చొని చెప్పడం ఎందుకంటే, ఈ పొద్దున ఆ పంచరు దుకాణం తమ్ముడు ఇంటికొచ్చాడు. మస్కట్‌లో ఆయనతోపాటు ఒకే గదిలో ఉండి వచ్చినవాడు. గడపలో నిలబడి, తల గోక్కొని, “ఇయ్యాల మన జట్టు మ్యాచ్ ఉంది వదినె. అన్న కుర్చీ ఇంక అట్లనే ఖాళీగ ఉంచుతున్నం. గా ఎర్రంగి ఇస్తే కుర్చీ మీద ఏస్తం. అన్న కూసున్నట్టే ఉంటది” అన్నాడు. పెట్టె తెరిచాం. తెరిచాక ఏమైందో ఆఖరున చెబుతాను. ముందు వెనకటి సంగతి రాయించాలి. నాకు అంకెలు వస్తాయి, బస్సు మీద నంబరు చూసి ఎక్కుతాను. అక్షరాలు రావు. అందుకని మా మరిది బిడ్డను ముందర కూర్చోబెట్టుకున్నాను. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా మాటను అది కాస్త కాలేజీ మాట చేసి రాస్తుందని నాకు తెలుసు. చేయనీ.

ఆయన పదకొండేండ్లు మస్కట్‌లో సిమెంటు మోశాడు. తిరిగొచ్చినప్పుడు అందరూ దుప్పట్లు, సెంటు సీసాలు తెస్తే, ఈయన పెట్టెలోంచి ఒక ఎర్రంగి, ఒక ఎర్ర మఫ్లరు, చెవి ఉన్న ఒక చాయ కప్పు బయటికి తీశాడు. అన్నిటి మీదా ఒకటే బొమ్మ. అదేదో సముద్రం అవతలి ఊరి ఫుట్‌బాల్ జట్టు బొమ్మట. ఆ ఊరు ఏ దిక్కున ఉందని అడిగితే ఈయన కాసేపు ఆలోచించి, తూర్పా పడమరా తేలక, “శాన దూరముంటది” అన్నాడు. గదిలో పై మంచం మీద పడుకునే మలయాళీ అంటించాడట ఈ పిచ్చి. ఆ కప్పులో ఎవరూ చాయ తాగవద్దు. ఒకసారి తెలియక నేను అందులో మామిడికాయ తొక్కు తీసి పెడితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మఫ్లరు ఎర్రటెండలో కూడా మెడకు చుట్టుకునేవాడు. అంగిని మాత్రం ఆట ఉన్ననాడే తొడిగేవాడు. ఉతకడానికి నాకు ఇచ్చేవాడు కాదు, తానే తిరగేసి బకెట్లో పిండి నీడన ఆరేసేవాడు.

అట్లని మతి చెడ్డ మనిషి కాదు. ఒకసారి నేను ఎగతాళి చేస్తే చెప్పాడు. “కంపెనోడు నీలం డ్రస్సు ఇచ్చిండు. దాని మీద నంబరు వాడే ఏసిండు. పేరు అడిగెటోడు లేడు, నంబరు పెట్టే పిలిచెటోళ్లు. గీ అంగి మాత్రం దుకాణంల నిలబడి, ఏం రాయాల్నో నేనే చెప్పి రాయించుకున్న.” ఏం రాయించావని నేను అడగలేదు. అంగి వెనక పదకొండు అంకె ఉంది, దాని పైన ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఎవడో ఆటగాడి పేరు అయి ఉంటుంది అనుకున్నాను. పంచరు దుకాణంలో నలుగురూ ఎర్రంగులు వేసుకొని ఒక సెల్లుఫోనులో తలలు పెట్టేవాళ్లు. ఈయనొక్కడిదే అసలుది, మిగతావి సిద్దిపేట బజారులో కొన్నవి. జట్టు ఓడితే “మీ డూప్లికేట్ అంగీలకే గోల్ పడలె” అని ఈయన, “నీ ఒరిజినల్ ఏం పీకింది?” అని వాళ్లు. పండుగలా ఉండేది.

ఇగ నేను చేసిన పని. ఆ ఏడు మక్కచేనుకు చిలుకలూ కాకులూ దండుగా వచ్చి పడ్డాయి. ఆయన దుబ్బాకలో వాళ్లక్క ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండిపోయాడు. నేను రెండు కట్టెలు అడ్డం నిలువు కట్టి, గడ్డి చుట్టి, సున్నం కండ్లు పెట్టిన కుండ తల మీద బోర్లించి బెదురుబొమ్మను నిలబెట్టాను. పాత చీర చుడితే పిట్టలు భయపడలేదు. ఇంట్లో మెరిసే ఎర్ర బట్ట ఆయన అంగి ఒక్కటే. చంక కింద చినిగింది గదా అని తెచ్చి తొడిగాను. ఒక్క పిట్ట వాలితే ఒట్టు.

ఆయన వచ్చి, రోడ్డు మీదినుంచే చూసి, గట్టు మీద కూలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. నవ్వాడు. కండ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, “ఉండనియ్ పంట తెగేదాక. నీ చేనుకు నువ్వే కావలి” అన్నాడు. నన్ను దెప్పుతున్నాడు అనుకొని నేను మూతి ముడుచుకున్నాను. ఆట ఉన్న రోజు మాత్రం అంగి తెచ్చి ఇవ్వమన్నాడు. ఆ శనివారం ఆట ఉంది. నేను రేపు తెస్తానన్నాను. మామూలు గళ్ల అంగి మీదనే పోయి, ఆట సగంలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మా చేను మూలకే దహనం చేశాం. ఆ మర్నాడు నీళ్లు చల్లడానికి పోయినప్పుడు చూశాను. బెదురుబొమ్మను నేను రోడ్డుకు ముఖం పెట్టి నిలబెట్టాను. అది ఇప్పుడు బూడిద కుప్పకు ముఖం పెట్టి ఉంది. గాలికి తిరిగి ఉంటుంది. కానీ ఆకు కదలడం లేదు. ఆయన ఈల వేస్తే ఉరికే కుక్క ఇంటికి రాకుండా పోయి దాని కాళ్లకాడ పండుకుంది. పిలిస్తే నా దిక్కు చూసి, దాని దిక్కు చూసి, మళ్లీ తల వాల్చింది. నేను వెనక్కి వెనక్కి నడిచి ఇంటికొచ్చాను. వీపు చూపడానికి ధైర్యం చాలలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. చచ్చిపోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి పక్కకు జరుగుతాం. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, కోడికూర, కల్లు, బీడీ కట్ట పెట్టాం. ఒక్క కాకి రాలేదు. పక్క చేను తుమ్మ మీద వరుసగా కూర్చున్నాయి, లెక్కపెట్టవచ్చు. అరవవు, ఎగరవు, చూస్తున్నాయి. మా పెద్దాడబిడ్డ లేచి చేతులు జోడించి, “తమ్మీ, నీ పెండ్లాన్ని మేం చూసుకుంటంరా, ముట్టు” అన్నది. కాకులు కదల్లేదు. మరిది వచ్చి, “అన్నా, మన చేని గట్టు పంచాది నేను ఇడిసిపెట్టిన” అన్నాడు. కదల్లేదు. పంచరు దుకాణం తమ్ముడు ముందుకొచ్చి, గొంతు సర్దుకొని, “అన్నా, నువ్వు పోయినంక మనోళ్లు రెండు గోల్లు కొట్టిన్రే. మనమే గెలిచినం” అన్నాడు. అంత దుఃఖంలోనూ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కాకులు మాత్రం కదల్లేదు. పొద్దు నడినెత్తికెక్కింది. అన్నం ఎండి పెళుసైంది. అందరి చూపులూ నా మీదికి తిరిగాయి. నేనేదో దాచానన్నట్టు.

అప్పుడు నా చెవిలో పడింది ఆ మాట. గా ఎర్రంగి తెచ్చినవా. ఎవరూ అనలేదు. నేనొక్కదాన్నే విన్నాను.

ఉరికాను. మక్క ఆకులు ముఖం కోస్తుంటే పోయి ఆ బొమ్మ రెండు రెక్కలూ పట్టి గుంజాను. గుండీలు లేని అంగి, తల మీదినుంచే తీయాలి. కుండ కిందపడి పగిలింది. కుక్క లేచి నిలబడింది. ఎండలో నిలిచిన అంగి కాలుతుండాలి కదా. చల్లగా ఉంది, ఒంటి చెమటతో అప్పుడే విడిచినట్టు తడిగా ఉంది. తెచ్చి విస్తరి పక్కన పరిచాను. “తెచ్చిన. ఇగో, తెచ్చిన” అన్నాను.

ఒక్క కాకి దిగింది. అన్నం దిక్కు పోలేదు. అంగి మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది, మనిషి నడిచినట్టు. ఆ తర్వాత మెతుకు ముట్టింది. మరిది “బొమ్మను జూసి కాకులు బుగులు పడ్డయి, అది పోయింది, దిగినయి, గంతే” అన్నాడు. అదే నిజం కావచ్చు. నాకు రెండూ నిజమే.

పోయినవాళ్ల బట్ట ఇంట్లో ఉండకూడదు, అక్కడే వదిలేయాలి. ఆడబిడ్డ గట్టిగా చెప్పింది. నేను కొంగు కింద దాచి తెచ్చి పెట్టె అడుగున పెట్టాను. ఏడాదంతా ఆ పెట్టె పక్కన పడుకోలేదు. కుక్క మాత్రం దాని ముందరే పండుకునేది.

ఇగ ఈ పొద్దున. పెట్టె తెరిచి, ఈ పిల్ల అంగి విప్పి వీపు దిక్కు చూసి, “పెద్దమ్మా, గిది ఏ ఆటగాని పేరు గాదు” అన్నది. “మరెవరిదే?” అంటే నా పేరు చెప్పింది.

ఆయన నన్ను ఎన్నడూ పేరుతో పిలవలేదు. “ఓ పిల్లా”, “ఇగో”, అంతే. మా దిక్కు మొగుడూ పెండ్లాలూ పేర్లు పెట్టి పిలుచుకోరు. పెండ్లినాడు ఇదే ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి, పేరు చెబితే గాని లోపలికి రానియ్యనంటే, సిగ్గుకు చచ్చిపోతూ ఒక్కసారి గొణిగాడు. ఆయన నోట నా పేరు వినడం ఆ ఒక్కసారే. మళ్లీ సముద్రం దాటిపోయి, అంగడివాడికి చెప్పి వీపు మీద రాయించుకున్నాడు.

“నీకెరుకనా?” అని తమ్ముణ్ని అడిగాను. “అందరికెరుకే వదినె. అన్న ముందల కూసుంటుండె, మేము ఎన్క. నీ పేరు సదువుకుంటనే మ్యాచ్ సూస్తుంటిమి. నీకు చెప్తే తంత అన్నడు.” నాకు నవ్వు రావాలి. రాలేదు. మూడోనాడు, అంత ఎండలో, ఆయన అన్నం మీద పిట్ట వాలకుండా రెండు చేతులూ చాపి తోలుతూ నిలబడింది ఎవరు? నా పేరే. నేనే.

ఖాళీ కుర్చీ మీద వేయడానికి అంగి ఇవ్వనన్నాను. తమ్ముడి ముఖం చిన్నబోయింది. “ఇయ్య గాని, నేనే ఏసుకొని వస్త” అన్నాను. చేనుపనికి చీర మీద మొగవాళ్ల అంగి తొడుక్కోవడం మాకు అలవాటే. పోయినవాడి బట్ట అని ఆడబిడ్డ అంటే, పేరు చూడు వదినె, బతికున్నదాని బట్ట ఇది అంటాను. సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుంటాను, వాళ్లను నా వెనక కూర్చోమంటాను. రేపటి నుంచి చేనులో తొడుక్కుంటాను. నా చేనుకు నేనే కావలి.

రేపు తెస్తానని అన్నాను ఆయనతో. ఆ రేపు నడిచి రావడానికి ఏడాది పట్టింది.

రాశావా బిడ్డా? నా పేరు వచ్చినకాడ కాగితం మీద జాగా ఖాళీ పెట్టు, ఊరందరికీ ఎందుకు. ఇగ మొదటినుంచి ఒకసారి చదివి వినిపించు. ఆ ఖాళీ జాగా వచ్చినప్పుడు మాత్రం పేరు పెట్టి పిలువు. గట్టిగా పిలువు.