పేజీ నంబర్లు లేని హదీసు

హనుమకొండలో మా బైండింగ్ షాపుకి వచ్చేవన్నీ దాదాపు కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులే. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. లోపల ఏముందో రాసినవాళ్లకే తెలియదు. అలాంటి షాపుకి ఒక సోమవారం, పక్క వీధిలో అరబీ చదువు చెప్పే ఉస్తాద్ సాబ్, తన కొడుకుని వెంటబెట్టుకుని ఒక మూటతో వచ్చారు. మూటలో ఆయన తాత చేత్తో రాసిన హదీసు, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే గ్రంథం. వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి దాని వెన్ను ఊడిపోయింది. ఆరబెట్టేటప్పుడు కాగితాలన్నీ కలిసిపోయాయి. ఉస్తాద్ సాబ్‌కి చూపు పోయి చాలా ఏళ్లయింది.

"పేజీ నంబర్లు లేవక్కా. ఏది ముందో ఏది ఎన్కనో నాతోని అయితలేదు. శుక్రవారం నమాజ్ అయినంక కబరస్తాన్‌ల దఫన్ చేస్తం" అన్నాడు కొడుకు. పాడైన పవిత్ర గ్రంథాన్ని వాళ్లు చెత్తలో వేయరు, మట్టిలో పెడతారు.

ముసలాయన మాత్రం మూట మీద నుంచి చెయ్యి తీయలేదు. నాకు ఒళ్లు మండింది.

"కుట్టేదాన్ని నేనుండంగ పూడ్చుడేంది తమ్మీ? శుక్రవారం దాంక జర టైమియ్యి."

కోతలైతే కోశాను గానీ, నాకు అరబీలో ఒక్క అక్షరం రాదు. మాది చర్చికి పోయే ఇల్లు. ఇక కళ్లనే నమ్ముకున్నాను. కాగితం మందంగా, రుద్ది నునుపు చేసినట్టు మెరుస్తోంది. సిరా నలుపు, కొత్త హదీసు మొదలయ్యే చోటల్లా ఎరుపు. అంచుల్లో ఏటవాలుగా చిన్న చిన్న అక్షరాలతో వివరణలు. అంచులు కత్తిరించి సమం చేయడం నా చేతికి అలవాటు, అయినా కట్టర్ జోలికి పోలేదు. ప్రతి కాగితానికీ ఒక వైపు మాత్రం, కింద ఎడమ మూల, ఒక్క మాట ఒంటరిగా ఉంది. తర్వాతి పేజీ మొదటి మాటను ముందే రాసి పెట్టారేమో అనుకున్నాను. రెండు రోజులు వెతికాను. ఒక్కటీ కలవలేదు.

బుధవారం ఉస్తాద్ సాబ్ వచ్చి, నేను పేర్చిన దొంతరను తడిమి, పై కాగితాన్ని ఎడమ నుంచి కుడికి తిప్పారు. అరబీ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుందని అప్పుడు తట్టి నెత్తి కొట్టుకున్నాను. చర్చిలో పాటల పుస్తకం తిప్పినట్టు తిప్పుతూ, ప్రతి కాగితం వెనుక వైపునే ముందు వైపు అనుకున్నాను! రెండు రోజులు గాడిద చాకిరీ.

తిరగేసి చూస్తే మాటలు జతలు జతలుగా దొరికాయి. చిక్కల్లా, చాలా పేజీలు ఒకే మాటతో మొదలవడం. "మాకు ఫలానావారు చెప్పిండ్రు అనే మొదలైతది బిడ్డా, చానా హదీసులు గట్లనే" అన్నారు ఉస్తాద్ సాబ్. అక్కడ నన్ను పురుగులు ఆదుకున్నాయి. పురుగు తొలిచిన రంధ్రం పక్క కాగితంలోనూ అదే చోట ఉంటుంది, కాగితాలు దాటేకొద్దీ సన్నబడుతుంది. వెలుతురుకు పట్టి ఒక్కో రంధ్రం కలుపుకుంటూ పోయాను. గ్రంథాన్ని తిన్న పురుగే దానికి దారి చూపింది.

శుక్రవారం పొద్దున పరీక్ష. కొడుకు ఒక పేజీ చివరి వరుస చదువుతాడు, తర్వాత ఏం రావాలో తండ్రి కంఠస్థంగా చెబుతారు, కొడుకు కాగితం తిప్పి చూస్తాడు. ఒక్క చోట కూడా తప్పలేదు.

చివరి కాగితంలో వరుసలు కిందికి పోయేకొద్దీ కురచగా, గరాటులా ముగిశాయి. కొడుకు దాని మీద వేలు పెట్టి చదివాడు.

"రాసినోళ్ల పేరుందక్కా. సదివెటోళ్లు నా కోసం దువా చెయ్యుండ్రి అని రాసిండు మా ముత్తాత. నేనేమో మట్టిల పెడ్దామన్న."

అక్కడే నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. ఉస్తాద్ సాబ్ నా వైపు తిరిగి, "ఇగ కుట్టు బిడ్డా" అన్నారు.

"గెలిచినం ఉస్తాద్ సాబ్!" అని నేను అరిచిన అరుపుకి ఎదురు జిరాక్స్ షాపాయన బయటికొచ్చి చూశాడు. సిగ్గేమీ పడలేదు, ఇంకోసారి అరిచాను.

ఆ రోజు తండ్రీకొడుకులు నమాజుకి వట్టి చేతులతో వెళ్లారు.