నేను రాసిన జ్వరం

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది పుంగనూరు పక్కన పల్లె. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. శాంతిసేనతో ఆఫ్రికా వెళ్లి, ఏడు దేశాల వాళ్లు కలిసి నడిపే ఆసుపత్రిలో ఏడాది ఉన్నాను. పొద్దున్నే హెలికాప్టర్ దిగేది. స్ట్రెచర్లు మోయడం, బూట్లు కత్తిరించడం, నెత్తురు ఎక్కించడం, గుడారంలో నేల కడగడం. పనికి నేనెప్పుడూ జంకలేదు. మాటకే మొహం వాచిపోయాను. అందరం వచ్చీరాని ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేవాళ్లం. స్నానానికి వెళ్లి నాలో నేనే తెలుగు మాట్లాడుకునేవాణ్ని. నవ్వకండి.

ఎనిమిదో నెలలో మునిరత్నాన్ని తెచ్చారు. కుప్పం వాడు, మన సైన్యంలోనే డ్రైవరు. బండి కింద మందుపాతర పేలింది. మోకాలి కింద కాలు తీసేశారు. మత్తు దిగుతుండగా "దప్పిగా ఉండాదప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను బయటికెళ్లి ఏడ్చాను. ఆ తర్వాత డ్యూటీ ఉన్నా లేకున్నా అతని మంచం దగ్గరే. సంగటి ఎంత గట్టిగా ఉండాలి, మదనపల్లె మార్కెట్లో టమాటా రైతును ఎవరు ముంచుతారు, ఇవే మా వాదనలు. తల్లి లేని తనను పెంచిన అక్క గురించి చెప్పేవాడు. ఆమెకు కిడ్నీలు పాడై మంచం పట్టింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

మూడు వారాలకు అతన్ని ఇంటికి పంపే విమానం ఖాయమైంది. జ్వరం ముప్పై ఎనిమిది దాటితే విమానం ఎక్కించకూడదని అక్కడి నియమం. అక్కడ అందరూ సెల్సియస్‌లోనే రాస్తారు. పొద్దున ఆరింటికి చూసి చార్టులో రాసేది నేనే. ఆ రోజు ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. ముప్పై ఎనిమిది పాయింట్ ఎనిమిది అని రాశాను. ఒక్క క్షణమైనా తటపటాయించానా? లేదు. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది. పరాయి దేశపు డాక్టరమ్మ నా రాత నమ్మి జాబితాలో అతని పేరు కొట్టేసింది. అబద్ధం అతకాలి కదా, తర్వాతి రెండు రోజులూ కొంచెం కొంచెం తగ్గిస్తూ రాశాను.

"యాలన్నా, నాకు జరం యాడిది? ఒళ్లు సల్లగానే ఉండాది కదా" అన్నాడు.

"లోపల ఉండాది లేప్పా. ఎనిమిది దినాలకు ఇంకో విమానం వస్తాది."

"అక్క ఎదురు సూస్తాంటాది."

"ఎనిమిది దినాల్లో ఏమైపోతాదప్పా" అన్నాను.

ఆరో రోజు అక్క పోయింది. తెలుగు వచ్చిన వాణ్నని ఆ కబురు చెప్పే పని కూడా నాకే అప్పగించారు. అతను నా చెయ్యి పట్టుకునే ఏడ్చాడు.

ఇప్పుడు మునిరత్నం కుప్పంలో జెరాక్స్ షాపు నడుపుకుంటున్నాడు. మదనపల్లెలో మా అమ్మాయి పెళ్లికి వచ్చి, "ఆ జరంలో ఈ అన్నే నన్ను కాపాడినాడు" అని పంక్తిలో అందరికీ చెప్పాడు. నేను సాంబారు బకెట్టు పట్టుకుని తల వంచుకున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు కుప్పం బస్సెక్కాను. కాఫీ తాగి తిరిగొచ్చాను. అతని మనసు విరగకూడదని దాస్తున్నానా, నన్ను అన్నా అని పిలిచేవాడు పోతాడని దాస్తున్నానా? నాకే తేలడం లేదు.

ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పడమే కష్టంగా ఉంది. ఆ కబురు వచ్చేదాకా గడిచిన ఆరు రోజులు నాకిప్పటికీ కావాలనిపిస్తాయి. ఇక్కడ అక్క వాకిలి వైపు చూస్తూ పడుకుని ఉంటే, అక్కడ ఆమె తమ్ముడితో నేను మా ఊరి మాటలు చెప్పుకుని నవ్వుతున్నాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను.