కోటమ్మ చూడని కోట

కోట తాళంచెవి కావాలంటే కొండ కింద ఆఖరి ఇంటి వంటగది కిటికీ తట్టాలి. కిటికీలోంచి కోటమ్మ తల బయటికి పెట్టి, వచ్చినవాళ్లను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసి, "సంచి ఇక్కడ పెట్టండి" అనేది. సంచి లేనివాళ్లు గొడుగు ఇవ్వాలి, అదీ లేకపోతే టోపీ. కిందికి వచ్చి తాళంచెవి అప్పగిస్తే వాళ్ల వస్తువు వాళ్లకు చేరుతుంది. అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. అత్తగారినీ ఊళ్లోవాళ్లు కోటమ్మ అనే పిలిచేవాళ్లు. ఆవిడ పోయాక మేకుకు వేలాడే తాళంచెవితోపాటు ఆ పేరు కూడా కోడలికి వచ్చింది. పుట్టింట్లో పెట్టిన పేరు ఇప్పుడు మందుల చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

ఇంతా చేసి కోటమ్మ ఆ కోటలో ఎన్నడూ కాలు పెట్టలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, "ఎక్కడికి పోతుందే కోట, రేపు చూద్దువుగానిలే" అంది అత్తగారు. ఆ రేపు వచ్చేలోపు ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లారు. మోకాళ్లు అరిగాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

"కోటలో కాలు పెట్టని కోటమ్మ" అని మరిది నలుగురిలోనూ నవ్వేవాడు. మరిది అంటే భర్తకు చిన్నాన్న కొడుకు. కొండదారి మొదట్లో అతనికి కిరాణా కొట్టు ఉంది.

అలాగని కోట సంగతి ఆమెకు తెలియదనడానికీ లేదు. తాళంచెవి తిరిగిచ్చేవాళ్లను ఊరికే పోనిచ్చేది కాదు. "పైన ఏం చూశారు?" అని అడిగేది. సంచి ఆమె చేతిలో ఉండేది కాబట్టి ఎంత తొందరలో ఉన్నవాళ్లైనా ఒక ముక్క చెప్పక తప్పేది కాదు. ఒకరు ఉత్తరం మూల బావి ఉందన్నారు. ఒకరు గోడ సందులో డేగ గూడు పెట్టిందన్నారు. ఎవరో ఒకాయన, బురుజు కింది గదిలో సీసాలు వరసగా పేర్చి ఉన్నాయన్నాడు. అప్పటి నుంచి పైకి వెళ్లే ప్రతివాళ్లకూ ఆమె, "బురుజు కింద ఆ రాజుల కాలపు సీసాలుంటాయి, అవి చూడకుండా రావద్దు" అని మరీ చెప్పి పంపేది.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక అమ్మాయి వచ్చి కిటికీ తట్టింది. వేరే దేశంలో చదువుకుంటోందట. సెలవుల్లో కోట తర్వాత కోట చూసుకుంటూ, ఆయా ఊళ్లలోవాళ్లు ఎలా బతుకుతారో తెలుసుకుంటూ తిరుగుతోందట. వీపు మీద సంచి ఆమె కంటే పెద్దదిగా ఉంది. ఆ సంచి దించుకోవడానికి కోటమ్మ రెండు చేతులూ చాచాల్సి వచ్చింది.

"ఇందులో ఏముందే తల్లీ, ఇల్లు గానీ మోసుకొచ్చావా?"

"ఇల్లే అత్తయ్యా. గుడారం, పక్కబట్టలు, గిన్నె, అన్నీ ఇందులోనే."

ఆ పూట నుంచి ఆమె ఆ ఇంట్లో సంచి పిల్ల అయింది. గుడారం వేయడానికి నేల ఇంకా తడిగా ఉందని వెనక గదిలో పడుకోమన్నారు. పొద్దున్నే కొండెక్కి, మధ్యాహ్నానికి దిగేది. దిగి వచ్చి వంటగదిలో పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ ప్రశ్నలు వేసేది. సంచి తాకట్టు పెట్టుకోవడం ఎవరు మొదలుపెట్టారు? మీ అత్తగారు మీకు ఏమేం నేర్పారు? మూలన ఆ గిన్నె ఎందుకు పెట్టారు?

"కారుతుంది. అందుకు పెట్టాను."

"కప్పు బాగానే ఉందమ్మా" అన్నాడు కోటమ్మ భర్త, గుమ్మంలోంచి. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. "నేను చూశానుగా. అది గోడలోంచి వచ్చే నీరు."

"కింద నిలబడి చూశారు" అంది కోటమ్మ. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "నీ ప్రశ్నలు సరే. ముందు నువ్వు చెప్పు. పైన ఏం చూశావు?"

సంచి పిల్ల మిగతావాళ్లలా ఒక్క ముక్కతో సరిపెట్టేది కాదు. ఏ గోడ ఏ గోడ కంటే పాతదో, ఏ కిటికీ తర్వాత పూడ్చారో, చేత్తో గాల్లో గీసి చూపించేది. సీసాల దగ్గరకు వచ్చేసరికి కాస్త తడబడింది.

"వాటి మూతలు కొత్తగా ఉన్నాయి అత్తయ్యా."

"ఎవరో తుడుస్తుంటారు" అంది కోటమ్మ. సంచి పిల్ల మళ్లీ బఠానీల మీదికి వంగింది.

ఆ వారంలోనే డ్రైవరు కొట్టు నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. కోటలన్నీ చూసుకునే ఆఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తాడు. మరిది ముందే వెళ్లి ఆయనతో మాట్లాడి వచ్చాడు. దారి మొదట్లో కొట్టు ఉంది, పొద్దస్తమానం తెరిచే ఉంటుంది, వదినకు మోకాళ్లు బాగోలేవు, పైకి ఒక్కసారీ వెళ్లి చూసింది లేదు అని చెప్పాడట.

"అబద్ధం ఏముందిలే అందులో" అన్నాడు డ్రైవరు.

కోటమ్మ వంటగదిలోకి వెళ్లింది. కత్తిపీట ముందు కూర్చుని చాలాసేపు కూర తరిగింది, ఇద్దరికి అక్కర్లేనంత. తాళంచెవి పోతే ఆ కిటికీ ఎవరు తడతారు? పిల్లలు ఫోన్లో పలకరిస్తారు. ఎదురుగా నిలబడి మాట్లాడేది మాత్రం కోటకు వచ్చేవాళ్లే.

ఆఫీసాయన రావడానికి ముందురోజు ఆమె పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి మేకు ఖాళీగా ఉంది. వెనక గదీ ఖాళీగానే ఉంది.

"పిల్లేది?"

"వెళ్లిపోయింది. కొండ దిగుతుంటే బస్సు హారన్ కొట్టింది. ఇంకో నిమిషం అయితే తప్పిపోయేది. సంచి చేతికిచ్చి పరిగెత్తమన్నాను" అన్నాడు డ్రైవరు, ఒక ప్రాణం కాపాడినవాడిలా.

"తాళంచెవి?"

ఆయన మేకు వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరినీ బస్సు తప్పనివ్వలేదని చెప్పుకునే మనిషి.

ఇంకో తాళంచెవి లేదు. ఉన్న రెండోది మామగారి చేతిలోంచి ఎప్పుడో బావిలో పడిపోయిందని చెప్పుకునేవాళ్లు. మర్నాడు ఆఫీసాయన కొండెక్కుతున్నాడని తెలిసి కోటమ్మ కర్ర ఒకటి తీసుకుని తనూ బయలుదేరింది. కిటికీలో కూర్చుని చెప్పే మాట కాదనుకుంది. ప్రతి మలుపు దగ్గరా ఆగింది. పైకి చేరేసరికి కోట తలుపు ముందు ఆఫీసాయన చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పక్కనే మరిది నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో.

"తాళంచెవి ఇవ్వండమ్మా" అన్నాడు ఆఫీసాయన.

"లేదు."

"పోగొట్టారా?"

"పోలేదు. ఒక పిల్ల పట్టుకెళ్లింది. తెస్తుంది."

"బస్సెక్కిన తాళంచెవి దిగివస్తుందా వదినా?" అన్నాడు మరిది. ఆఫీసాయన వైపు తిరిగి, "చూశారుగా సార్. నేను ముందే మనవి చేశాను. మీరేం ఇబ్బంది పడకండి" అంటూ తలుపు కింద చేయి పెట్టి, భుజం ఆనించి, ఒక్క ఎత్తు ఎత్తాడు. తలుపు మడతబందు నుంచి ఊడి తాళం వైపు కాకుండా రెండో వైపు తెరుచుకుంది. చొక్కా కూడా నలగలేదు.

ఆఫీసాయన ఆ తలుపును, మరిదిని మార్చి మార్చి చూసి లోపలికి నడిచాడు.

కోటమ్మ వెనకాలే వెళ్లింది. లోపల గడ్డి, రాళ్లు, ఒకటి రెండు గోడలు. ఇంతమంది చెప్పగా విన్న కోట దీనికి నాలుగింతలైనా ఉండాలి. ఉత్తరం మూల బావి కోసం వెతికింది. అక్కడ మట్టి పూడ్చిన గుంట ఉంది. డేగ లేదు, పావురాలు ఉన్నాయి.

ఆఫీసాయన అన్నీ చూసుకుంటూ బురుజు దగ్గర ఆగాడు.

"ఇందులో ఏమీ లేదు సార్. ఒట్టి గబ్బిలాలు, కంపు. పదండి" అన్నాడు మరిది, ముందుకు వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అదేమిటి, సీసాలున్నాయిగా" అంది కోటమ్మ. "ఆ కాలపువి. అవి చూడకుండా పోకూడదండి. నేను వచ్చినవాళ్లందరికీ అదే చెబుతాను."

"వదినా, నువ్వు ఊరుకో."

"నువ్వెప్పుడూ చూడలేదేమిటి మరిదీ? లోపల వరసగా పేర్చి ఉంటాయట."

ఆఫీసాయన తల వంచి లోపలికి వెళ్లాడు. కోటమ్మా వెళ్లింది. గది చల్లగా ఉంది. గోడ పొడుగునా కూల్ డ్రింకుల పెట్టెలు ఉన్నాయి, ఆమె మరిది కొట్టు ముందు రోజూ చూసే ఎర్ర పెట్టెలు. ఒక పెట్టె మీద కొట్టు పేరు సున్నంతో రాసి ఉంది. కోటమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఎండాకాలం మట్టుకే సార్" అన్నాడు మరిది గుమ్మంలోంచి. "ఫ్రిజ్ చాలక."

"ఇప్పుడు వానాకాలం" అన్నాడు ఆఫీసాయన.

పెట్టెలు అప్పటికప్పుడే దించమన్నాడు. మరిది ఒక్కొక్కటీ భుజానికెత్తుకుని కొండ దిగుతుంటే సీసాలు గలగలమన్నాయి. కోటమ్మ గోడ దగ్గరికి వెళ్లి, దాని మీద మోచేతులు ఆనించి కిందికి చూసింది. అలా చాలాసేపు చూసింది.

"కళ్లు తిరుగుతున్నాయా?" అన్నాడు ఆఫీసాయన.

"లేదండీ."

ఆయన పక్కన వచ్చి నిలబడ్డాడు. తలుపుకు మంచి బందులు వేయిస్తానన్నాడు. కొత్త తాళం పంపిస్తానన్నాడు. దాని తాళంచెవి ఎవరికో కోటమ్మ అడగలేకపోయింది, ఎదురుచూసింది.

"తాళంచెవి పోగొట్టుకున్న మనిషి, అది లేకుండానే తెరవగల మనిషి. ఈ ఇద్దరిలో నాకు మొదటివారే నయం" అన్నాడాయన, దూరంగా ఎటో చూస్తూ. "మీ దగ్గరే ఉంచండి. ఏడాదికొకసారైనా పైకి వచ్చి చూడండి."

కొత్త తాళం వచ్చాక, ఒక మధ్యాహ్నం, ఎవరో కిటికీ తట్టారు. కోటమ్మ తల బయటికి పెట్టింది. సంచి పిల్ల. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. అరచేతిలో పాత తాళంచెవి ఉంది.

"రెండు కోటలు చూసుకుని మూడో కోట దగ్గర జేబులో చేయి పెడితే తగిలింది అత్తయ్యా. మీరేమైపోయారో అని వెంటనే బస్సు పట్టుకున్నాను."

"దానికిప్పుడు తాళం లేదు" అంది కోటమ్మ. అయినా అందుకుని, కొత్తదాని పక్కన మేకుకు తగిలించింది. జరిగిందంతా చెప్పింది. సీసాల మాట వచ్చేసరికి సంచి పిల్ల నవ్వు ఆపుకోలేక కిటికీ అంచు పట్టుకుంది.

"నవ్వు, నవ్వు. మూతలు కొత్తవని చెప్పినదానివి, మిగతాది కూడా చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మీరు అంత గొప్పగా చెబుతుంటే ఎలా అనను? సరే, ఈసారి నేను అడుగుతాను. పైన ఏం చూశారు అత్తయ్యా?"

"మా ఇల్లు" అంది కోటమ్మ. "వంటగది మూల మీద మూడు పెంకులు జారిపోయాయి. అంత దూరం నుంచి కూడా కంటికి కొట్టినట్టు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లలో ఇంతమంది పైకి వెళ్లొచ్చారు, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు."

"మీరు కోట గురించే అడిగారు కదా."

కప్పు మీద ఎక్కడో పెంకు కదిలిన చప్పుడైంది. వెంటనే ఎవరో దగ్గారు. ఆమె కిటికీలోంచి రెండు చేతులూ చాచింది.

"సంచి ఇక్కడ పెట్టి ఇంటి వెనక్కి రా. నిచ్చెన పట్టుకోవాలి. మీ మామయ్య పైనున్నాడు."